రాహేలమ్మ పేరెక్కిన ఫ్రాన్సు దీపం

వెలిగే ప్రతి వస్తువుకూ ఒక కర్త ఉండాలి, ఆ కర్తకు ఒక ఫోను నంబరు ఉండాలి. ఈ సత్యాన్ని లోకానికి చాటింది ప్రాచీన దీపాల నమోదు విభాగం. (ఇటువంటి విభాగం ఒకటుందని, అది వచ్చి నిలబడేదాకా మాకూ తెలియదు.)

పత్తికొండ దగ్గర మా చర్చిలో ఒక కంచు దీపం వేలాడుతోంది. ఫ్రాన్సులో చేసింది. షాండ్లియర్ అంటారట, మేం కొమ్మల దీపం అంటాం. పన్నెండు కొమ్మలు, కొమ్మకొక ద్రాక్షతీగ, తీగ చివర కొవ్వొత్తి గిన్నె. ఏ దొరో తెచ్చి వదిలిపోయాడు. నలభై ఏళ్లుగా రాహేలమ్మ దాన్ని చింతపండు వేసి తోముతోంది. కూతురు మహిమ పెళ్లి దాని కిందే జరగాలని ఆమె కోరిక. పెళ్లికి ఇంకా పది రోజులుంది.

ఆ విభాగం అధికారి ఓబుళేశు వచ్చి, నిచ్చెనెక్కి చూశాడు. అడుగున రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకాయన బొమ్మ గీసినవాడు, ఒకాయన పోత పోసినవాడు. ఫారంలో రూపకర్తకు ఒకటే గడి. పోత పోసినాయన్ను అక్కడికక్కడే తొలగించారు. (నూటయాభై ఏళ్లుగా ఇద్దరూ సర్దుకునే ఉన్నారు.) మిగిలినాయన తండ్రి పేరు, కులం, పిన్‌కోడు అడిగారు. ఆయన ఎప్పుడో పోయాడని పాస్టరు జ్ఞానరాజు మనవి చేశాడు. మరణ పత్రం లేదు కనుక ఉన్నట్టే లెక్క అన్నారు. సోమవారంలోగా ఆయన ఫోనుకు ఓటీపీ వచ్చి, ఆ అంకె ఆయన చెప్పాలి. లేదంటే దీపం కర్నూలు గోదాముకు పోతుంది.

పాతదానికి చిలుము ఏదని కూడా ఓబుళేశు నిలదీశాడు.

"నేనే తోమినా సారూ. నల్లగుంటే పెండ్లికి యాడ బాగుంటాది?" అంది రాహేలమ్మ.

ఓబుళేశు చెడ్డవాడు కాడు. సోమవారం సాయంత్రం దాకా ఫ్రాన్సు నుంచి ఎవరూ పలకకపోయేసరికి మెల్లగా అడిగాడు.

"ఏమక్కా, నీకు ఫోనుందా?"

"ఉండాది."

ఆ నంబరు ఎక్కించగానే ఓటీపీ వచ్చింది. రూపకర్త: రాహేలమ్మ. దేశం గడిలో ఫ్రాన్సు అప్పటికే పడి ఉంది, ఒకసారి పడితే అది మారదు. "ఏం గాదులేక్కా," అన్నాడు.

పెళ్లి దీపం కిందే జరిగింది. వేడి మైనం చుక్క ఒకటి పెళ్లికొడుకు శామ్ భుజం మీద పడింది. అదీ క్రతువులో భాగమేమోనని అతను కదల్లేదు.

మరుసటి నెల రేషను షాపులో రాహేలమ్మ వేలు పెడితే బియ్యం రాలేదు. డీలరు కంబన్న మిషను చూసి, "నువ్వు ఫ్రాన్సు మనిషివంటక్కా," అన్నాడు.

"తోమినోళ్లంతా ఆ దేశమోళ్లయితారా అప్పా?"

అది తన చేతిలో లేదని చెప్పి, కంబన్న ఒక అర్జీ ఫారం ఇచ్చాడు. మొదటి ప్రశ్న: భారతదేశానికి ఏ పని మీద వచ్చారు?

కూలికి, అని రాయించింది రాహేలమ్మ.