నట్టలున్న నమూనా ఒకటి

మనిషి కడుపులో ఏ పురుగు ఎంతకాలం ఉండాలన్నది పురుగుకూ మనిషికీ మధ్య వ్యవహారం కాదని, అది పూర్తిగా శాఖాపరమైన విషయమని ప్రభుత్వం ఎట్టకేలకు గుర్తించింది. ఆ గుర్తింపులోంచి పుట్టిందే 'కొవ్వు ఆమ్లాల ద్వారా నట్టల నివారణ పథకం'. దానికి జిల్లాకో అధికారి, మండలానికో ఉపాధికారి, అందరికీ కలిపి ఒక యాప్. (నట్టలకు మాత్రం ఎవరూ సమాచారం ఇవ్వలేదు.)

పథకం వెనకున్న శాస్త్రం గట్టిదే. అవిసె గింజల్లోని కొవ్వు ఒంటికి పడితే, పేగుల్లో కాపలా కాసే కణాలకు ఆ కొవ్వుతోనే కబుర్లు తయారవుతాయట. కబురందిన కణాలు లేచి నట్టల మీద పడతాయి. ఆ కొవ్వు అందకపోతే అవి కూడా పై నుంచి ఆర్డరు రాని సిబ్బందిలాగా కూర్చున్నచోటే కూర్చుంటాయి. మందు బిళ్ల ఉన్న నట్టల్ని చంపుతుంది గానీ, రేపు వచ్చేవాటితో పోరాడాల్సింది ఒళ్లే. అందుకని పిల్లలకు బిళ్లతో పాటు రోజుకో అవిసె లడ్డూ ఇవ్వాలని తీర్మానించారు.

కల్వకుర్తి పక్క పల్లెలో గొర్లు కాసుకునే అండాలుకు ఈ శాస్త్రమంతా తెలియదు. ఆమెకు తెలిసిందల్లా నాలుగేళ్ల మనుమరాలు నిహారిక. కూతురు రమ పొద్దున్నే పత్తి ఏరడానికి పోతే పిల్లను చూసుకునేది ఆమే. పిల్లకు కడుపు ఉబ్బింది, కాళ్లు సన్నబడ్డాయి, ముద్ద చూపిస్తే మొహం తిప్పేది. మూడు నెలలు లడ్డూ తిన్నాక గిన్నె పట్టుకుని తానే పొయ్యి దగ్గరికి రావడం మొదలుపెట్టింది. కిలోన్నర పెరిగింది. ఆ సంతోషంలో అండాలు నెలవారీ పరీక్షకు పిల్ల మలం నమూనా ఇచ్చి వచ్చింది.

పరీక్షలో నట్టలు కనిపించలేదు. యాప్‌లో నిహారిక పేరు ఎర్ర రంగు నుంచి పచ్చ రంగుకు మారింది. పచ్చ రంగు పిల్లలకు లడ్డూ లేదు.

"ఇగ నా చేతుల ఏం లేదు అండాలమ్మా," అన్నది అంగన్‌వాడీ టీచర్ స్వరూప. "పోయినేడు గిట్లనే పచ్చగైన పిల్ల రెండు నెలలకే మల్ల ఎర్రగయింది. అప్పుడు లడ్డూలు మల్ల వచ్చినయ్." (పథకానికి ఇంత నిలకడ ఉందని వార్షిక నివేదికలో సగర్వంగా రాసుకున్నారు.)

అండాలు బస్సెక్కి పోయి జిల్లా కొవ్వు ఆమ్లాల అధికారి కమలాకర్ ముందు నిలబడింది.

"సారూ, పిల్ల ఇప్పుడిప్పుడే బువ్వ తింటాంది. లడ్డూ బంద్ జేస్తే మల్ల మొదటికొస్తది."

"నట్టలు లేని పిల్లకు నట్టల లడ్డూ ఎట్లియ్యాలెనమ్మా? రేపు ఆడిట్ల నన్నడుగుతరు."

"లడ్డూ తినవట్టే గద సారూ నట్టలు పోయినయి!"

"నేనూ అదే చెప్తున్న. పోయినయి. అర్జీ పెట్టుకో, నట్టలు తీస్కరా, గంతే. నేనేమన్న కాదంటున్ననా?"

ఆయన ఇచ్చిన కాగితాన్ని అండాలు బయట ప్యూనుతో రెండుసార్లు చదివించుకుంది. 'జత చేయవలసినవి: ఆధార్ నకళ్లు రెండు, నట్టలున్న నమూనా ఒకటి.' ఎవరి నట్టలన్నది ఎక్కడా రాయలేదు.

గొర్ల మధ్యే పుట్టి పెరిగిన మనిషికి నట్టలు ఎక్కడ దొరుకుతాయో ఒకరు చెప్పాలా? దొడ్లో చిక్కిపోయిన గొర్రె వెనక కాసేపు ఓపిగ్గా నిలబడి, నాలుగు పెంటికలు అగ్గిపెట్టెలో వేసుకుని పోయి ఇచ్చింది.

ఇరవై రోజులకు ల్యాబు నివేదిక వచ్చింది. 'నమూనాలో నట్టలు సమృద్ధిగా ఉన్నవి. అవి గొర్రె కడుపులో ఉండు రకము. కావున లబ్ధిదారు గొర్రె.' కమలాకర్ మంచివాడే. ఫైల్లో నిహారిక ఫోటో ఆయన చూశాడు కూడా. కానీ ల్యాబు నివేదికను కాదనే అధికారం ఆయన హోదాకు లేదు. ఫైలు పశువుల దవాఖానకు బదిలీ అయింది.

మరుసటి వారం పశువుల డాక్టరు శివకుమార్ తూకం మిషను, చెవి బిళ్ల పట్టుకుని వచ్చాడు.

"గొర్రె ఏదమ్మా?"

అండాలు నిహారికను ముందుకు తోసింది. డాక్టరు పిల్లను చూశాడు, కాగితం చూశాడు. కాగితంలో తప్పేమీ లేదు. పిల్లను తూచి, నంబరు బిళ్లను చెవికి కాకుండా జడకు కట్టాడు. (ఇది నిబంధనల ఉల్లంఘన. దయచేసి పైవాళ్లకు చెప్పవద్దు.)

"మేత మంచిగ తింటాందా?" అని అడిగాడు.

అండాలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలల్లో ఎన్ని రంగులు మారినా, పిల్ల తింటోందా అని ఏ శాఖా అడగలేదు.

"లడ్డూలు వచ్చినన్ని దినాలు తిన్నది సారూ," అంది.

నెలకు నాలుగు కిలోల అవిసె చెక్క మంజూరైంది. గానుగలో నూనె తీయగా మిగిలిన పిప్పే అయినా, అందులో ఇంకా కాస్త కొవ్వు ఉంటుంది. గొర్రెలకు యాప్‌లో పచ్చ రంగు లేదు; కోలుకున్న జీవానికి మేత ఆపితే మళ్లీ పడకేస్తుందని ఆ శాఖకు ఎప్పటి నుంచో తెలుసు. అండాలు చెక్కను దంచి, బెల్లం, పల్లీలు కలిపి లడ్డూలు చుట్టింది.

మర్నాడు పొద్దున ఆమె దొడ్డి తడిక తీసేసరికి, ఊళ్లో పచ్చ రంగు పిల్లల తల్లులు పదకొండు మంది ఖాళీ అగ్గిపెట్టెలతో వరుసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందున్నది టీచర్ స్వరూప. ఆమె చేతిలో అగ్గిపెట్టెతో పాటు తన బిడ్డ ఆధార్ నకళ్లు రెండు ఉన్నాయి.