పదిహేడేళ్లలో ఏమీ జరగలేదు

నీళ్లు మా మెట్లెక్కి, గుమ్మం దాటి, గోడ మీది స్విచ్చిబోర్డును ఒకసారి ముట్టుకుని వెనక్కి తగ్గిన వరద ఒకటి వచ్చింది. దాని మరుసటేడు మా అల్లుడు మిలిటరీలో రిటైరై ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి అతనన్న మొదటి మాట కుశలప్రశ్న కాదు. గోడ మీది నీటి గీత వైపు చూసి, "మావయ్యా, వరద తీశాక ట్యాంకు ఎన్నిసార్లు కడిగారు?" అన్నాడు.

ఒకసారి అన్నాను. చేతిలో పెట్టె కింద పెట్టకుండానే మేడెక్కేశాడు.

అప్పటి నుంచీ నాదొకటే అభిప్రాయం. మిలిటరీలో శుభ్రత చూసిన మనిషికి బయట ఉద్యోగం దొరకకూడదు! నవ్వకండి. అలాంటి మనిషిని ఏ కంపెనీ అయినా ఎగరేసుకుపోతే నష్టపోయేది మీరూ నేనూ. అతను ఖాళీగా ఉంటేనే వీధికి లాభం. ఎలాగంటారా?

మిలిటరీ అనగానే మీకు తుపాకులే గుర్తుకొస్తాయి. మా అల్లుడు పదిహేడేళ్లు తుపాకీ కన్నా గరిటె ఎక్కువ పట్టాడు. వంట గరిటె కాదు, పొడుగు కర్రకు బిగించిన తెల్ల గరిటె. దాన్ని నిలవ నీటిలో ముంచి తీసి, అందులో ఎన్ని దోమపిల్లలు ఈదుతున్నాయో లెక్కపెట్టి, వాటికి రెక్కలు రాకముందే నీటి మీద నూనె చల్లి అంతు చూడటం అతని పని. తాగే నీళ్లలో బ్లీచింగ్ మందు చాలిందో లేదో ఆరు తెల్ల కప్పుల్లో చుక్కలేసి చూడాలి. వంటవాళ్ల గోళ్లు చూడాలి. మరుగుదొడ్డి గుంట వంటశాలకు ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో చెప్పి తవ్వించాలి. అలా ఎనిమిది వందల మందిని కాపాడుకొచ్చాడు. ఒక్కడికి కడుపునొప్పి వస్తే ఒట్టు!

ఇంత సరుకున్న మనిషి వచ్చి మా మేడ మీద ఖాళీగా కూర్చున్నాడు. కూర్చున్నాడని నేనంటున్నాను గానీ, అతను కూర్చోగా చూసినవాళ్లెవరూ లేరు.

మొదటి వారం ఇల్లు పట్టాడు. ఫ్రిజ్ వెనక నీళ్లు పడే పళ్లెం ఒకటుంటుందని మీలో ఎందరికి తెలుసు? మాకు తెలియదు. అందులో దోమల సంతానమే పెరుగుతోంది! నలభై ఏళ్లు కుళాయిలు బిగించి బతికిన ప్లంబర్ని నేను. నా ఇంటి కుళాయి కిందే టార్చి వేసి చూసి, "నాచు పడుతోంది మావయ్యా" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. నిజమే గనక బ్రష్షు పట్టుకున్నాను.

రెండో వారం ఫ్రిజ్‌లో చిన్న చిన్న సీసాలు వెలిశాయి. మిలిటరీ వంటశాలలో ఏ పూట ఏం వండినా దాంట్లో ఒక గరిటెడు తీసి, సీసాలో పోసి, తేదీ రాసి, ఒకరోజు దాచాలట. ఎవరికైనా తేడా చేస్తే ఏ వంటకం చేసిందో తేలడానికి. ఆ పద్ధతి మా ఇంట్లోనూ మొదలైంది.

మా అమ్మాయికి ఒళ్లు మండింది. "పెళ్లయిన పన్నెండేళ్లకి నా కూర మీద అనుమానమా?" అని అడిగింది.

"అనుమానం కాదు, రూలు" అన్నాడు.

మర్నాటి నుంచి సీసాల మీద అమ్మాయే చీటీలు రాయడం మొదలుపెట్టింది. "ముద్దాయి: బెండకాయ. సోమవారం." "ముద్దాయి: పప్పు. పాత నేరస్థుడు." అతను వాటిని గంభీరంగా చదివి, తేదీ సరిగ్గా ఉందో లేదో చూసి, మళ్లీ లోపల పెట్టేవాడు. ఆ సంసారంలో నేను చూసిన సరసం అదే.

మూడో వారం గరిటె పట్టుకుని వీధి మీద పడ్డాడు. ఎదురింటి టైలరు కూలర్, పక్కింటి మేడమీది టీచరమ్మ పూలకుండీలు, పంక్చరు షాపు వాడి పాత టైర్లు, ఏదీ వదల్లేదు. జనం అతనికి 'బ్లీచింగ్ సారు' అని పేరు పెట్టి, అతను సందు మలుపు తిరగ్గానే బకెట్లు బోర్లించేవారు. పోలీసులన్నా అంత భయం లేదు!

ఫలితం? ఆ వానాకాలం మా వీధిలో ఒక్క జ్వరం లేదు. మూల మీది డాక్టరు గారు పేపరు చదివి, చదివిన పేపరే మళ్లీ చదివేవారు. దోమల చక్రాలమ్మే కొట్టతను నా దగ్గరికొచ్చి, చేతులు పట్టుకుని, మీ అల్లుడికి తొందరగా ఎక్కడైనా ఉద్యోగం చూడండి పెద్దాయనా, నా సరుకంతా మూలుగుతోందని మొరపెట్టుకున్నాడు. మీ వీధిలో ఉందా ఇలాంటి సౌకర్యం? లేదు. ఎందుకు లేదు? మీ వీధిలో అందరికీ ఉద్యోగాలున్నాయి గనక!

అయితే ఒక చిక్కుంది. వీధికి సుఖంగా ఉన్నా అతనికి లేదు. మాజీ అన్న మాట అతనికి మింగుడు పడలేదు. రోజూ పొద్దున ఐదింటికి లేచి, బూట్లు తుడుచుకుని, మూడో మెట్టు మీద కూర్చుని లేసులు కట్టుకునేవాడు. కట్టుకున్నాక ఎక్కడికెళ్లాలో తెలియక కాసేపు అలాగే ఉండేవాడు. నేను కింద వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని ఇదంతా చూసేవాణ్ని.

అప్పుడు పడింది ప్రకటన. ఊళ్లో అద్దాల మేడ కంపెనీకి హైజీన్ మేనేజరు కావాలట. వేల మంది పనిచేసే చోటు, పెద్ద క్యాంటీను. అతని కోసమే పుట్టినట్టుంది ఆ ఉద్యోగం! ఫారం పది పేజీలు. తొమ్మిది పేజీలు అరగంటలో నింపాడు. పదో పేజీలో 'మీరు సాధించిన విజయాలు' అని ఉంది. దాని ముందు పూటంతా కూర్చుని, చివరికి ఒక్క వాక్యం రాశాడు. 'పదిహేడేళ్లలో ఏమీ జరగలేదు.'

"ఇదేంటండీ, ఏదో ఒకటి గొప్పగా రాయచ్చుగా" అంది అమ్మాయి.

"ఇంతకన్నా గొప్ప ఏముంది?" అన్నాడు.

ఇంటర్వ్యూకి అమ్మాయి నన్ను తోడు పంపింది. అతను దారిలో ఎవరి ట్యాంకూ మూత తీయకుండా చూడటం నా డ్యూటీ. పదింటికి రమ్మంటే తొమ్మిదికే చేరాం. సోఫా చూశారూ, కూర్చుంటే లేవడానికి ఇంకొకరి సాయం కావాలి. పక్కన టై కట్టుకున్న ఇంకో ఆసామీ ఉన్నాడు, అతనూ అదే ఉద్యోగానికి. అల్లుడు లోపలికెళ్లగానే, ఊరుకోలేక నాతో మాట కలిపాడు. ఇదివరకు ఒక హోటల్లో మేనేజరట. మూడేళ్లలో నాలుగుసార్లు జనానికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే నాలుగుసార్లూ తనే దగ్గరుండి సంభాళించాడట.

"ఒకటైతే పేపర్లో కూడా వచ్చిందండి" అన్నాడు, ఛాతీ విరుచుకుని.

లోపల ఏం జరిగిందో బస్టాపులో అల్లుడు చెప్పాడు. ముగ్గురున్నారట. ఎన్ని అంటువ్యాధులు ఎదుర్కొన్నారని అడిగారు. ఒక్కటీ రాలేదన్నాడు. నీళ్లు కలుషితమైన సందర్భాలు? లేవన్నాడు. పోనీ ఏదైనా పెద్ద సంక్షోభం? లేదన్నాడు. అప్పుడు నడిమధ్య కూర్చున్నావిడ పెన్ను కింద పెట్టి, చాలా మర్యాదగా అడిగిందట.

"మరి మీకు అనుభవం ఎలా వచ్చినట్టండీ?"

అల్లుడు నీళ్లు నమిలాడు. పదిహేడేళ్లు పరీక్ష చేసి తాగించిన మనిషి, ఆ ఒక్క గుక్కా మింగలేకపోయాడు. అతని వెనకే లోపలికెళ్లిన టై ఆసామీ ఉద్యోగంతో బయటికొచ్చాడు.

నేనైతే ఆ కంపెనీ వాళ్లను మెచ్చుకుంటాను! ఎంత సూక్ష్మంగా ఆలోచించారు! ఇన్నాళ్లూ మనం పొరపాటు పడుతున్నాం. ఇల్లు మూడుసార్లు దోచుకుపోనిచ్చిన వాచ్‌మన్‌నే పెట్టుకోవాలి, దొంగల్ని ఎరిగినవాడు అతనే. చెట్టుకు గుద్దిన డ్రైవరునే ఎక్కించుకోవాలి, చెట్టెక్కడుందో అతనికి బాగా తెలుసు. నేను బిగించిన కుళాయి నలభై ఏళ్లలో ఒక్కటి కారలేదు. అంటే ప్లంబింగులో నాకు బొత్తిగా అనుభవం లేదు. ఇన్నాళ్లు కూలీ పుచ్చుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

అల్లుడు మాత్రం నవ్వలేదు. బస్టాపులో టీ తీసుకున్నాడు. గ్లాసులోకి చూడకుండా తాగేశాడు! ఇంటికొచ్చి బూట్లు విప్పి, గరిటెను మంచం కిందికి తోసేశాడు.

ఆ సాయంత్రం అమ్మాయి కిందికి దిగివచ్చింది. ఇన్నాళ్లు ఆ సీసాలు తీసి పారేస్తే గానీ ఊరుకోనని నా చెవిన ఇల్లు కట్టుకుని పోరిన పిల్ల. మెట్టు మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నాన్నా, చీటీ రాసి పెట్టాను. ఆయన ఫ్రిజ్ తెరవలేదు" అంది.



మర్నాడు పొద్దున నాలుగున్నరకే లేచాను. కడిగి బోర్లించిన సీసా ఒకటి తీసుకుని దోమపిల్లల కోసం బయల్దేరాను. మా వీధి మొత్తం గాలిస్తే ఒక్కటి దొరకలేదు. టైలరు కూలర్ ఎండిపోయి ఉంది. టైర్లకు చిల్లులు పెట్టి ఉన్నాయి. పరువైన వీధి అనిపించుకోవడం ఇలాంటప్పుడే ఇబ్బంది! చివరికి అద్దాల మేడ దాకా నడిచాను. గేటు పక్కనే అందంగా రాళ్లు పేర్చిన చిన్న కొలనుంది, మధ్యలో ఆగిపోయిన ఫౌంటెన్. గేటు మనిషి ఏంటని అడిగితే, నీళ్లన్నాను. ఒక్క ముంచు ముంచాను. కళ్లజోడు సవరించుకుని లెక్కపెట్టాను. పదకొండు. ఒకటి మరీ హుషారు.

ఇంటికొచ్చి సీసా మీద చీటీ అంటించాను. తేదీ రాశాను. స్థలం రాశాను. అమ్మాయి పద్ధతిలోనే పేరు కూడా రాశాను. 'అనుభవం: పదకొండు.'

మూడో మెట్టు మీద పెట్టి, పేపరు అడ్డం పెట్టుకున్నాను.

అతను చెప్పులతో దిగాడు. ఆగాడు. సీసా తీసి వెలుతురుకు ఎత్తి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. పైకెళ్లాడు. మంచం కింద కర్ర ఈడ్చిన చప్పుడైంది. దిగినప్పుడు కాళ్లకు బూట్లున్నాయి.

అమ్మాయి పైనుంచి తొంగిచూసి, "మనల్ని వద్దన్నారుగా, వాళ్ల నీళ్లతో మనకేంటి?" అంది.

"ఆ సంగతి దోమలకి తెలియదుగా" అన్నాడు, లేసు బిగిస్తూ.

కొత్త మేనేజరుకు రావలసిన ఐదో అనుభవం ఆ పొద్దున అలా తప్పిపోయింది. అతని భవిష్యత్తుకు మేం చేసిన అన్యాయానికి చింతిస్తున్నాను. అల్లుడు గరిటె భుజాన వేసుకుని ముందు నడిచాడు. నేను నూనె డబ్బా పట్టుకుని వెనక నడిచాను.