మిషన్ మోతకు మేసే బర్రె

గురువారం సాయంత్రం అయిదింటికి అయిజ పక్క పల్లెలో వెంకట్రాములు చూడి బర్రె తాడు తెంపుకొని వెళ్లిపోయింది.

దీన్ని గడ్డి మిషన్ సాధించిన విజయంగా చూడాలి. ఎలాగంటారా?

పాతకాలంలో పశువుకు గడ్డి వేయడం పెద్ద తతంగం. వామి దగ్గరికి వెళ్లాలి. చేత్తో గడ్డి పీకాలి. దుమ్ము దులిపి, మోసుకెళ్లి బర్రె ముందు వేయాలి. అంతసేపూ బర్రె మనిషిని చూసేది, మనిషి బర్రెను చూసేవాడు. ఈ చూపుల వల్ల వ్యవసాయానికి ఒరిగిందేమిటి?

ఇప్పుడు పొలంలో ఒక మిషన్ గడ్డిని చుట్టలు చుడుతోంది. ఇంట్లో ఇంకో మిషన్ దాన్ని ముక్కలు కొడుతోంది. వెంకట్రాములు మరో అడుగు ముందుకేసి, గోడకు కన్నం పెట్టి రేకు గొట్టం బిగించాడు. ఇటు మిషన్ నోటికి గడ్డి అందిస్తే అటు బర్రె గాడిలో ముక్కలు పడతాయి. బర్రె మొహం చూసే పనే లేదు! కుడితి, పేడ భార్య అమృతమ్మ చూసుకుంటుంది.

ఆ అమృతమ్మ పొద్దున్నే వనపర్తిలో పెళ్లికి వెళ్లింది. పక్కింటి పెంటయ్య భార్య ప్రేమలతనూ వెంటబెట్టుకుపోయింది. బర్రె చూడిది, జర పైలమని మొగుడికి చెప్పే బస్సెక్కింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. వెంకట్రాములు ఒళ్లో గడ్డి పెట్టుకొని మిషన్ పక్కన కూర్చున్నాడు. చేత్తో వేయొచ్చు కదా అంటారేమో. చేత్తో వేసేవాడు మిషన్ ఎందుకు కొంటాడు?

బర్రె పోయాక ఊరవతలి పత్తి చేల వెంట తిరిగి అరిచాడు. ఏ బర్రే తల తిప్పలేదు. ఆ గొంతు వాటికేం తెలుసు? చివరికి మిషన్‌నూ, టెంట్‌హౌస్ జనరేటర్‌నూ ట్రాక్టర్ మీద తెచ్చి ఆన్ చేశాడు.

మోత వినగానే బర్రె పరుగెత్తుకొచ్చింది. ఊళ్లో బర్రెలన్నీ తాళ్లు తెంపుకొని పరుగెత్తుకొచ్చాయి. అందరిళ్లలోనూ అదే మిషన్, ఎవరింట్లోనూ కరెంటు లేదు. బిర్యానీ పొట్లాలు లేకుండా ఏ సభకైనా ఇంత హాజరు ఉంటుందా?

ఆడవాళ్లు వచ్చి ఎవరి బర్రెను వాళ్లు పేరు పెట్టి పిలిచి తోలుకుపోయారు. రెండు మిగిలాయి. రెండూ నల్లవే, రెండూ చూడివే. వాటి ముందు వెంకట్రాములు, పెంటయ్య.

"అన్నా, నీదేదో నువ్వు తోలుకపో. మిగిలింది నాది" అన్నాడు పెంటయ్య.

"గట్లెట్ల? ముందుగాల నువ్వే తీస్కో తమ్మీ."

గట్టు తగాదాల కాలంలో ఇంత మర్యాద ఎక్కడిది? మిషన్ ఇచ్చిందే!

మర్యాద అరగంట సాగింది. వేరే బర్రెను కట్టేస్తే అమృతమ్మ వచ్చాక తన అన్నం కూడా రేకు గొట్టంలోంచే వస్తుందని వెంకట్రాములుకు తెలుసు. వీడియో కాల్ చేశాడు.

"నువ్వు గాదు, బర్రెను సూపియ్యి" అంది అమృతమ్మ.

ఫోన్ తిప్పాడు. ఆమె ఒక్క క్షణం చూసింది.

"సుందరీ, ఏమన్న తిన్నవా బిడ్డా?"

ఎడమవైపు బర్రె చెవులు లేపింది. నడిచొచ్చి ఫోన్ నాకింది. వెంకట్రాములు దాని మెడకు తాడు వేశాడు. దాని పేరు సుందరి అని ఆయనకు అప్పుడే తెలిసింది.

రెండోది తనదేనని తేలినా పెంటయ్య మూడుసార్లు తాడు లాగి చూశాడు. బర్రె కదల్లేదు. ఆయన ఫోన్ దగ్గరికి వంగాడు.

"వొదినె, మా ఇంటామెను జర పిలువు. మా దాని పేరేందో అడగాలె."

ప్రేమలత భోజనాల బంతిలో కూర్చుందని, తిని లేచాక ఫోన్ చేస్తుందని జవాబొచ్చింది. వెంకట్రాములు సుందరిని తోలుకొని ఇంటికెళ్లాడు. ఏడు గంటలకు పెంటయ్య తాడు పట్టుకొని అక్కడే ఉన్నాడు.