ఎనిమిదో కెపాసిటరు

కోడలికి ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: బుడంకాయ ఏదో ఒకటి మింగేస్తుందని. దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు, ఆఖరికి అత్తగారన్నా అంతంతమాత్రమే. నేలమీద చిన్న బొత్తాం కనిపిస్తే మాత్రం ముచ్చెమటలు పోసేవి. బుడంకాయ అంటే ఆమె కూతురు. పాకడంలో ఆరితేరి, గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్న వయసు. ఆ పిల్ల దృష్టిలో ప్రపంచంలోని వస్తువులు రెండే రకాలు. నోట్లో పట్టేవి, ఇంకా పట్టనివి.

అందుకని కోడలు ఒక పద్ధతి పెట్టుకుంది. చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది గానీ, ఈ ఒక్క లెక్కలో ఆమెను మించినవాళ్ళు లేరు. పిన్నీసులు గానీ, మాత్రలు గానీ, మేకులు గానీ, ఏ చిన్న వస్తువు బయటికి తీసినా తీసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి లెక్కపెట్టేది. రెండు లెక్కలూ కలిస్తేనే ఊపిరి పీల్చుకునేది.

ఆ రోజు పొద్దున ఆమె భర్త పెట్టుకున్న పని చాలా మామూలుది. ఆయనకు ఎంబ్రాయిడరీ దుకాణం ఉంది. అందులో కుట్టే మిషను ముసలిది. అది తనకంటే ముసలిదైన ఒక కంప్యూటరు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఆ కంప్యూటరేమో కొన్నాళ్ళుగా స్విచ్ వెయ్యగానే ఒకసారి ఫ్యాను తిప్పి, నిట్టూర్చినట్టు ఆగిపోతోంది. మూత విప్పి చూస్తే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. చిటికెనవేలి కొనంత డబ్బాలవి. మంచివాటి నెత్తి చదునుగా ఉంటుంది. వీటి నెత్తి పొంగి, ఒకటి రెండు పగిలి, గోధుమరంగు జిగురు కూడా కారింది. పాతవి పీకి కొత్తవి అతికిస్తే చాలని వీడియోలో ఒకాయన చెప్పాడు. వీడియోలో ఆయనకు పిల్లలున్నట్టు లేరు.

"ఇంట్లో ఎందుకండీ ఈ పని? దుకాణంలోనే చేసుకోవచ్చుగా!" అంది కోడలు, భోజనాల బల్ల మీద వైర్లు చూసి.

"అక్కడ జనం వచ్చి పోతుంటారు. ఇక్కడైతే వెలుతురుంది, బల్ల ఉంది. ఎంతసేపు, చిటికెలో పని."

"అవి ఎన్ని ఉన్నాయి?"

"ఏవి?"

"మీరు పీకే డబ్బాలు."

"చెడిపోయినవన్నీ పీకుతా."

"అదే, ఎన్ని?"

"పొద్దున్నే లెక్కల టీచరులా తగులుకున్నావేంటే బాబూ! ముందు పిల్లకి స్నానం చేయించు, పో."

కోడలు వెళ్ళింది. స్నానమైంది. అయితే తువ్వాలు తెచ్చేలోపు బుడంకాయ తడి ఒంటితోనే గడప దాటి బల్ల కిందికి పాకింది. "నేను చూస్తున్నాలే," అన్నాడు భర్త, సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

పిల్లను తుడిచి, గౌను తొడిగి, చంకనేసుకుని వచ్చేసరికి పాతవన్నీ ఊడిపోయి ఒక సీసా మూతలో పడున్నాయి. మొదట్లో లెక్కపెట్టడం కుదరలేదు కాబట్టి కోడలు ఇంకో దారి వెతుక్కుంది. ఒక్కో కెపాసిటరు కూర్చునే చోట బోర్డు మీద తెల్లటి గుండ్రం గీసి ఉంది, దానిలో రెండు సన్న చిల్లులు. ఖాళీ గుండ్రాలు ఎనిమిది. మూతలో డబ్బాలు ఏడు.

వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది. ఏడు.

భర్త దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు. "చూశావా? మొదట్లో పీకినవాటి చుట్టూ కాస్త మసి అంటింది గానీ, ఈ మూలది చూడు, ఎంత శుభ్రంగా ఊడొచ్చిందో! చిల్లులు అద్దాల్లా ఉన్నాయి. చెయ్యి తిరిగిందంటే ఇలా ఉంటుంది మరి."

"అలా ఊడొచ్చింది ఈ మూతలో ఏది?"

"అన్నీ ఒకేలా ఉంటాయే."

"గుండ్రాలు ఎనిమిదున్నాయి. డబ్బాలు ఏడే ఉన్నాయి."

భర్త పకపకా నవ్వాడు. నవ్వుతూనే లెక్కపెట్టాడు. ఆరో గుండ్రం దగ్గర నవ్వు సన్నబడింది, ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయింది.

ఇద్దరూ ఒకేసారి బుడంకాయ వైపు తిరిగారు. పిల్ల పెదాలు బిగించి, బుగ్గలాడిస్తూ, మహా తృప్తిగా చూస్తోంది. కోడలు వేలు పెట్టి నోరంతా వెతికింది. రెండు పళ్ళూ, బోలెడు చొంగా తప్ప ఏమీ లేవు. నోట్లో లేదంటే ఇక ఎక్కడుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"అత్తయ్యా! బుడంకాయ కెపాసిటరు మింగేసింది!"

అత్తగారు లోపలి గదిలోంచి ఒక్క ఉదుటున వచ్చారు. "ఏం మాత్రే అది? ఎవరిది?"

"మాత్ర కాదత్తయ్యా, కంప్యూటర్‌లోది."

"కంప్యూటర్‌లోది పిల్ల నోట్లోకెలా వచ్చిందే? ఒరేయ్, ఆ డొక్కుని పాతసామాను వాడికి వేసెయ్యరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! విన్నావా?"

"ఏం కాదమ్మా, ఎక్కడో కింద పడుంటుంది. వెతుకుదాం ముందు," అన్నాడు భర్త. "ఏం కాదు" అనేది ఆయన ఊతపదం.

ఇల్లు పీకి పందిరి వేశారు. సోఫా తిరగేశారు. చాప దులిపారు. చెప్పుల్లో చూశారు. ఈ హడావుడిలో భర్త చేతిలోని సోల్డరింగ్ ఐరన్‌ని దాని స్టాండులో కాకుండా బల్లగుడ్డ మీద పెట్టి, బల్ల కింద దూరాడు. ఆ గుడ్డ మొదట గోధుమరంగుకు తిరిగింది, తర్వాత నల్లబడింది, ఆ తర్వాత కిటికీలోంచి పొగ పంపించింది.

పై ఇంట్లో ఉండేది కాంపౌండరు గారు. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయినా అందులోని తొందర మాత్రం ఇంకా పోలేదు. వరండాలో బట్టలు జాడిస్తూ పొగ చూసి, బకెట్టుతో సహా మెట్లు దిగి వచ్చేశారు. ముందు ప్లగ్గు పీకారు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాత బకెట్టు మొత్తం గుమ్మరించారు. బల్లగుడ్డ ఆరిపోయింది. మదర్‌బోర్డు తడిసి ముద్దయింది. మధ్యలో నిలబడ్డ అత్తగారు నోటమాట లేకుండా ఉండిపోయారు. ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

"ఇంకెక్కడ మంట?" అన్నారు కాంపౌండరు గారు.

"మంట కాదు బాబాయ్ గారూ, పిల్ల ఇలాంటిది మింగేసింది," అంటూ కోడలు మూతలోంచి ఒకటి తీసి చూపించింది.

ఆయన దాన్ని వెలుతురుకెత్తి పట్టి చూశారు. "లోపల ఏముంటుంది దీంట్లో?"

"ఏదో ద్రవం ఉంటుందండీ," అన్నాడు భర్త. "పాతవి కదా, చాలావరకు ఎండిపోయే ఉంటుంది. ఏం కాదు."

"నా సర్వీసులో ఒక పిల్లాడు గడియారం బ్యాటరీ మింగాడు."

"అయ్యో! ఏమయ్యాడు?" అంది కోడలు.

"అది చెప్పుకునే సమయం కాదిది. పదండి, పదండి!"

ఆ మాటతో కోడలి పైప్రాణాలు పైనే పోయాయి. అందరూ కాంపౌండరు గారి పాత కారులో ఇరుక్కున్నారు. అత్తగారి చీర కొంగునుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. బుడంకాయ మాత్రం కిటికీ అద్దాన్ని నాకుతూ ఊరు చూస్తోంది.

"భయపడకే. చిన్నప్పుడు నేను గోళీ మింగాను, ఏమైంది? ఏం కాలేదు," అన్నాడు భర్త.

"అది ఇంకా లోపలే ఉందేమోరా," అన్నారు అత్తగారు. మాట తిరిగి వచ్చింది.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ ఏం మింగిందని అడిగారు. "ఒక కెపాసిటరు," అన్నాడు భర్త. "పగిలింది, జిగురు కారేది," అంది కోడలు. "బ్యాటరీ జాతికి చెందింది," అన్నారు కాంపౌండరు గారు. "కంప్యూటరు," అన్నారు అత్తగారు, ఒక్క ముక్కలో. డాక్టరమ్మ నలుగురినీ చూసి, తన స్టెతస్కోపు చప్పరిస్తున్న బుడంకాయను చూసి, మాట్లాడకుండా ఎక్స్‌రేకి రాశారు.

ఎక్స్‌రే గదిలో "త్వరగా తియ్యి బాబూ, ఇలాంటివాటిలో ఆలస్యం పనికిరాదు" అని కాంపౌండరు గారు తలుపు బయటి నుంచి పెడుతున్న తొందరకు, అక్కడి కుర్రాడికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎలా వచ్చిన పిల్లను అలాగే పడుకోబెట్టి తీసేశాడు. కాసేపటికి తెర మీద బొమ్మ వచ్చింది. సన్న సన్న పక్కటెముకలు, వాటి కింద చిట్టి పొట్ట. పొట్ట నడిమధ్య తెల్లగా, గుండ్రంగా ఒకటి.

కోడలు గోడకు ఆనుకుంది. భర్త "ఏం కా..." అన్నాడు. పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు. "నేను చూస్తున్నానన్నానే. చూస్తున్నానని చెప్పానే," అని తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా కోడలు భయాన్ని ఒక్కతే మోసింది. ఇప్పుడు పక్కన మరొకరు మోస్తుంటే చూడటం ఆమెకు కొత్తగా ఉంది.

అత్తగారు తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళు చిట్లించి చూశారు. "ఒరేయ్, మీ కెపాసిటరుకి మధ్యలో బొడిపె ఉంటుందా?"

"ఉండదమ్మా."

"అయితే ఇది గౌను టిచ్ బటన్‌రా. పోయిన నెల నేనే కుట్టాను. సరిగ్గా పొట్ట మీదికే వస్తుంది."

గౌను విప్పి మళ్ళీ తీశారు. ఈసారి బుడంకాయ పొట్టలో బుడంకాయ తప్ప ఏమీ లేదు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు, కోడలు తప్ప. "అయితే అది ఇంకా ఇంట్లోనే ఉంది," అంది. "లోపలుంటే ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడది కూడా తెలీదు. ఇంటికెళ్ళగానే మింగుతుంది."

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. "అసలు ఎలా ఉంటుందమ్మా అది? ఫొటో ఏమైనా ఉందా?"

"ఉంది మేడం," అన్నాడు భర్త నీరసంగా. "పని మొదలుపెట్టే ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోమని వీడియోలో చెప్పారు. ఏ డబ్బా కాలు ఎటుందో గుర్తుండాలని." ఫోను తీసి ఇచ్చాడు.

డాక్టరమ్మ రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేశారు. "ఈ ఉబ్బినవేనా?"

"అవే."

"ఒకటి, రెండు..." ఆమె ఏడు దాకా వచ్చి ఆగారు. "ఈ మూల గుండ్రంలో ఏమీ లేదేంటి?"

భర్త ఫోను లాక్కున్నాడు. మూల గుండ్రంలో రెండు చిల్లులు, శుభ్రంగా, అద్దాల్లా మెరుస్తున్నాయి. పీకక ముందు ఫొటోలోనే మెరుస్తున్నాయి. చోటు గీసి, అక్కర్లేదనుకుని, ఫ్యాక్టరీలోనే ఏమీ పెట్టకుండా వదిలేసినట్టున్నారు. ఎనిమిదోది అసలు పుట్టనే లేదు.

"అందుకే అంత శుభ్రంగా ఊడొచ్చింది," అంది కోడలు.

తిరుగు ప్రయాణంలో కారులో అందరికీ నోళ్ళు లేచాయి. అత్తగారు కొడుకును దారి పొడుగునా ఉతికి ఆరేశారు. ఆ సందులో కోడలు మెల్లగా అడిగింది. "బాబాయ్ గారూ, ఆ బ్యాటరీ మింగిన పిల్లాడు ఏమయ్యాడండీ?"

"వాడికేం తల్లీ, నిక్షేపంగా ఉన్నాడు. మొన్ననే పెళ్ళయింది."

"మరి ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు ఇంత త్వరగా బయల్దేరేవాళ్ళా?" అన్నారు కాంపౌండరు గారు, హారను కొడుతూ.

ఇంటికొచ్చి తలుపు తీస్తే గదంతా నీళ్ళు. ఆ నీళ్ళలో, మూలమూలలా, నిగనిగలాడుతూ చిన్న చిన్న కొత్త డబ్బాలు. అతికించడానికి తెచ్చిన కొత్త కెపాసిటర్ల ప్యాకెట్టు బకెట్టు దెబ్బకు బల్ల మీంచి ఎగిరి, చిరిగి, ఖాళీ అయిపోయింది.

కోడలు పిల్లను అత్తగారి చంకకు మార్చి, లోపలి గదిలోకి పంపి తలుపు వేసింది. కొంగు బిగించి, దొరికినవన్నీ ఏరి గిన్నెలో వేసింది. "ఎన్ని తెచ్చారండీ?" అంది.

భర్త చిరిగిన ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"మిమ్మల్నే. ప్యాకెట్లో ఎన్ని ఉన్నాయి?"

"గుప్పెడు పోసి ఇచ్చాడే," అన్నాడాయన. "లెక్క అడగలేదు."

మామూలుగా అయితే ఆ మాటకు కోడలు అక్కడే కళ్ళు తిరిగి పడిపోవాలి. కానీ పొద్దుటినుంచి వాడి వాడి ఆమె భయం అరిగిపోయిందో, పిల్ల పొట్టను ఖాళీగా కళ్ళారా చూసిన ధైర్యమో, ఆమెకు ఆకలి వేసింది. నేలంతా రెండుసార్లు తుడిచింది, చీపురు పుల్లతో సందులన్నీ కెలికింది. పిల్లకు తినిపించింది, తను తింది. "ఏం కాదులెండి. ఒకటీ అరా ఉంటే రేపు పొద్దున వెలుతుర్లో చూద్దాం," అని పిల్లను జోకొట్టింది.

"ఒక్కటున్నా చాలే," అన్నాడు భర్త, బల్ల కిందినుంచి.

ఎక్స్‌రేలోని ఆ తెల్లటి గుండ్రం ఆయన కళ్ళలోంచి పోలేదు. టార్చి పట్టుకుని అలమర కింద, తలుపు సందుల్లో, అత్తగారి కళ్ళజోడు పెట్టెలో వెతుకుతూనే ఉన్నాడు. ఒకటి దొరికితే ఇంకొకటి ఉందంటాడు. దొరక్కపోతే అందుకే ఉందంటాడు. మొత్తం ఎన్ని దొరికాక లేవాలో చెప్పగలిగినవాళ్ళు లేరు.

కంప్యూటరు ఇప్పటికీ అటక మీద ఆరుతోంది, దుకాణం తాళం తియ్యలేదు. మీలో ఎవరికైనా ఆ వీధిలో పని పడితే, దయచేసి ఆయన్ని ఒకసారి చూసి, పలకరించి రండి. గుమ్మం దగ్గర చెప్పుల అడుగు చూపించమంటాడు, వాదించకుండా చూపించండి.