మా ఆవిడ కోపం మీద పాఠ్యసామగ్రి

మా ఇంటిపేరున్నవాళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. అందుకేనేమో, పుస్తకంలో ఉంటే తప్ప వర్షం పడుతున్నా నమ్మను. రంగస్థల కళల కాలేజీలో నటన పాఠం చెబుతాను. స్టేజీ ఎక్కింది మాత్రం ఒక్కసారే, అదీ బల్బు మార్చడానికి. ఏడవడం ఎలాగని అడిగినా అది ఏ పేజీలో ఉందో చెబుతాను కాబట్టి, పిల్లలు నాకు ‘పేజీ నంబరు సారు’ అని పేరు పెట్టారు.

ఒకరోజు ప్రిన్సిపాల్ మేడం పిలిచారు.

“మీ క్లాసు మందుసీసా మీది చీటీ చదివినట్టుందట. శుక్రవారం వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. నచ్చితే ఉద్యోగం పర్మనెంటు. నచ్చకపోతే ఆఫీసులో గుమాస్తా ఖాళీ ఉంది, చూసుకోండి.”

ఇక బతికున్న మనుషుల్లోంచే పాఠం తీయాలని నిశ్చయించుకున్నాను. బతికున్నవాళ్లలో నాకు దగ్గరగా దొరికేది మా ఆవిడ. ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలూ, ఇరుగుపొరుగు బట్టలూ కుడుతుంది. భార్యాభర్తల గొడవ ఒకటి ఉన్నదున్నట్టు రాసుకుంటే పాఠ్యసామగ్రి సిద్ధం. గొడవ దానంతటది వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు గనక నేనే పెట్టుకున్నాను.

సోమవారం ఆవిడ గుడ్డ కత్తెర తీసి, ఆవిడ ఎదురుగానే అట్టముక్కలు కోశాను. కుట్టుమిషను ఉన్న ఇంట్లో తెలివున్నవాడెవడూ చేయని పని అది. అట్ట కోసిన కత్తెర ఆ తరవాత గుడ్డను కోయదు, నములుతుంది.

మిషను ఆగింది.

“అది నా గుడ్డ కత్తెర కదండీ?”

“అవును.”

ఆవిడ నా వైపు చూసింది. నేను జేబులోంచి నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను: ‘మౌనం, నాలుగు సెకన్లు. కనుబొమలు కదలలేదు. కాలు నేలకేసి కొడుతుందా?’ కొట్టలేదు. కత్తెర తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంత చప్పటి కోపంతో క్లాసెలా నడుస్తుందని నాకు దిగులు పట్టుకుంది.

మంగళవారం, సైజుల వారీగా సర్దుకున్న గుండీలన్నీ ఒకే బేసిన్‌లో గుమ్మరించాను. ఈసారి ఒంటికాలి మీద లేచింది.

“మహానుభావా! వీటిని మళ్లీ ఏరడం ఏ పేజీలో ఉందో కాస్త చెబుతారా?” అంటూ కాలు నేలకేసి కొట్టింది.

“ఇంకోసారి కొట్టవా, సరిగ్గా కనబడలేదు” అనబోయి నాలుక కరుచుకున్నాను.

బుధవారం, వారం రోజులు పట్టే యూనిఫారాలు రేపే ఇచ్చేస్తామని స్కూలువాళ్లకు ఫోనులో మాటిచ్చేశాను. ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. నర్సుగా చేసి రిటైరైన పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చారు.

“ఏమైందే తల్లీ?”

“ఈయనతో వేగలేను పిన్నిగారూ! ఆ టేపు తెచ్చి నా ఓర్పు కొలవండి, జానెడైనా మిగిలిందేమో!”

“మా ఆయనా ఇంతేనమ్మా. ఇంజక్షనంటే భయం కాబట్టి నా కాపురం సాగింది.”

ఏడుపు, ముక్కు చీదడం, తలుపు ధడేల్‌మనడం, అన్నీ కలిపి పద్నాలుగు పేజీలు నిండాయి.

శుక్రవారం క్లాసులో ఒకమ్మాయి మా ఆవిడగా, ఒకబ్బాయి నేనుగా నటించారు. పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. మేడం కూడా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకున్నారు. ఉద్యోగం పర్మనెంటు అయిపోయిందనే అనుకున్నాను.

అంతలో ఆ అమ్మాయి ఆగింది.

“సార్, మంగళవారం, బుధవారం వచ్చేస్తున్నాయి. సోమవారమే రావట్లేదు. ఆ నాలుగు సెకన్లు ఈవిడ ఊరికే చూస్తుంది కదా, అప్పుడు ఈవిడకి ఏం కావాలి?”

నోట్‌బుక్కు తిరగేశాను. కనుబొమలున్నాయి, సెకన్లున్నాయి. ఏం కావాలో లేదు. వెనక మేడం కలం మూత తీశారు.

“నాకు తెలీదమ్మా. ఇంటికెళ్లి అడగాలి” అన్నాను.

పేజీ నంబరు లేకుండా ఆ గదిలో నేను చెప్పిన మొదటి జవాబు అదే.

“అడిగి సోమవారం రండి. అప్పుడే తేలుస్తాను” అన్నారు మేడం.

ఇంటికెళ్లి మిషను పక్కన నిలబడ్డాను.

“ఒక మాట అడుగుతాను, కోప్పడవు కదా?”

“దేనికి? రాసుకోవడానికా?”

జేబులో నోట్‌బుక్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“సోమవారమే మీ చొక్కా ఉతకబోతూ జేబులో నోట్‌బుక్కు చదివాను లెండి. ఉద్యోగం సంగతి మొదటి పేజీలోనే ఉంది. నాతో చెబితే ఏం పోయింది? ‘కాలు నేలకేసి కొడుతుందా’ అని పాపం ఎదురుచూస్తున్నారు కదాని కొట్టాను. బుధవారానికైతే పిన్నిగారూ నేనూ ముందే ఒకసారి చేసి చూసుకున్నాం. ఇంజక్షను మాట ఆవిడ సొంతంగా కలిపారు.”

“మరి యూనిఫారాలు?”

“మీరు పెట్టేయగానే స్కూలుకి నేను ఫోను చేశాను. మా ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పాను.”

పద్నాలుగు పేజీల నిజజీవితం నా కళ్లముందే నాటకమైపోయింది.

“సోమవారం కూడా నాటకమేనా?”

“కాదు. అది నిజం.”

“అప్పుడు నీకు ఏం కావాలి?”

ఆవిడ దారం తెంపి నా వైపు చూసింది.

“కత్తెర కింద పెడతారేమోనని చూశానండీ. మీరు కలం తీశారు.”

తప్పయిందన్నాను. నాలుగు సెకన్లలో అయిపోవలసిన పనికి నాలుగు రోజులు పట్టిందంది.

“ఇదే సోమవారం క్లాసులో చెబుతాను” అన్నాను.

“మీరు చెబితే మళ్లీ పేజీ నంబరు పెడతారు. నేనే వస్తాను.”

వచ్చింది. పిల్లల ముందు టేపు పట్టుకుని నిలబడింది.

“కొలతలకి వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారమ్మా. టేపు వంకే చూస్తే అసలు కొలత దొరకదు. ‘ఇంట్లో అందరూ బాగున్నారా’ అని అడుగుతాను. జవాబు చెబుతూ ఊపిరి వదులుతారు. కొలత అప్పుడు తీస్తాను. మొహం చూస్తూ తీస్తాను.”

ఆ అమ్మాయి లేచి సోమవారం ఘట్టం మళ్లీ చేసింది. ఈసారి ఆ నాలుగు సెకన్లలో ఎవరూ నవ్వలేదు. నాకైతే అబ్బాయి చేతిలో కత్తెర లాక్కుని కింద పెట్టాలనిపించింది.

“సార్, ‘తెలీదు’ అన్నందుకు మీ ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నాను. కాకపోతే ఇక సోమవారం పీరియడ్ మీ ఆవిడది” అన్నారు మేడం.

ఆ పీరియడ్‌లో ఇప్పుడు నేనూ పిల్లల మధ్యే కూర్చుంటున్నాను. మొన్న మా ఆవిడ హోంవర్కు ఇచ్చింది. ఇంట్లో ఎవరైనా పది నిమిషాలు మాట్లాడుతుంటే మధ్యలో నోరు మెదపకుండా విని రావాలి. పిల్లలందరూ చేసుకొచ్చారు. నేను మాత్రం మూడో నిమిషంలోనే “అది సరే గానీ” అన్నానట. మళ్లీ చేసుకు రమ్మంది.