సబ్బు రుద్దుకొచ్చిన అర్జీదారు

పురపాలక కార్యాలయానికి ఫిర్యాదుతో వచ్చిన మనిషిని ముందు ధనావేశమున్న డిటర్జెంటులో నానబెట్టి, పిండి, మడతలు పెట్టి, ఆ తర్వాతే కమిషనరుగారి బల్ల మీద పెడతారు.

ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, ముక్కున వేలేసుకోవలసిందేమీ లేదు. మామూలు సబ్బు మురికిని వదిలిస్తుంది గానీ మనిషిని మెత్తబరచదు. ఈ డిటర్జెంటు సంగతి వేరు. మురికి జోలికి పెద్దగా పోదు, బట్టనూ జుట్టునూ ఒంటినీ అంటిపెట్టుకుని కూర్చుంటుంది. తువ్వాలులో బరక పోయినట్టే మనిషిలోనూ పోతుంది. క్రిములు కూడా చస్తాయి కాబట్టి, పిండగా వచ్చిన నీళ్లతో ఆసుపత్రి వార్డులు తుడుస్తారు. ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, మన ఆఫీసుల్లో ఏదీ వృథాగా పోదు.

సోమవారం పొద్దున పోశవ్వ వచ్చింది. ఆమె తమ్ముడు ఐలేశ్ కాంట్రాక్టు కూలీ. మర్నాడు అతను పంపుహౌస్ దగ్గరి మురుగు సంపులో దిగి పూడిక తీయాలి. కిందటి నెల అదే సంపులో దిగిన ఇద్దరు విషవాయువుకు చనిపోయారు. దిగకపోతే పని ఊడుతుందని కాంట్రాక్టరు తేల్చి చెప్పాడు. ఎలాగైనా ఆపించాలని ఆమె వచ్చింది.

తొట్టి దగ్గరి గుమాస్తా దయాకర్ ఆమెను నిబంధన ప్రకారం నానబెట్టాడు. తీసి మడత పెట్టబోతే ఆమె వంగలేదు. నీళ్ల మీద తెల్లటి తెట్టు కట్టింది. వెనక లైను పెరిగిపోతోంది. దయాకర్ ఆమెను నిలువునా లోపలికి పంపేశాడు.

నిలబడి ఉన్న అర్జీదారును కమిషనరు చూసి చాలా కాలమైంది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"సార్, రేపు నా తమ్మున్ని సంపుల దింపుతున్నరు. దిగిండంటే సస్తడు. మొన్న ఇద్దరు సచ్చిన సంగతి మీకు ఎర్క లేదా? మిషన్ వెట్టి తీయిండ్రి. మనిషిని దింపొద్దు."

ఆ మాటల్లో బరక అంతా అలాగే ఉంది. కమిషనరు తనకు తెలియకుండానే ఫోను అందుకుని ఇంజనీరుకు కలిపాడు. అవతల మోగుతోంది. పోశవ్వ ఆ ఫోను వైపే చూస్తోంది.

దయాకర్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఆగండి. ఈమె సబ్బు పెట్టి స్నానం చేసొచ్చింది."

"నిజమేనా అమ్మా?"

"పెద్దసారు కాడికి వోతున్న గదా అని తలకు సుత రుద్దుకున్న సార్. మురికిగ ఎట్లొస్త?"

మామూలు సబ్బుది రుణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని తెట్టు కడతాయి. అంటే ఆమె నానినట్టు లెక్క కాదు. నానని మనిషి చెప్పింది ఫిర్యాదూ కాదు. అవతల ఇంజనీరు "చెప్పండి సార్" అన్నాడు.

"ఏం లేదు, తర్వాత చేస్తా" అని కమిషనరు ఫోను పెట్టేశాడు. ఆయన ప్రాణం కుదుటపడింది.

సబ్బు పోయేదాకా పోశవ్వను మంచినీళ్లలో జాడించారు. మళ్లీ నానబెట్టారు. ఈసారి చక్కగా మడత పడింది. కమిషనరు బల్ల మీద ఆమెను అరచేత్తో నిమిరి, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు.

"రేపు మా తమ్ముడు సంపుల దిగుతున్నడు సార్. జర మనసుల వెట్టుకోండ్రి."

"తప్పకుండా" అని ఆయన ఆమెను పక్కనున్న దొంతరలో పెట్టాడు.

సాయంత్రం మడతలు విప్పి ఇంటికి పంపారు. గుమ్మంలోనే ఐలేశ్ ఎదురయ్యాడు.

"ఏమన్నరక్కా? ఆపుతరంటనా?"

"మంచిగ మాట్లాడిండ్రు తమ్మీ. ఒక్క మాట కసురుకోలే."

ఐలేశ్ ఆమె భుజాలు పట్టుకుని ఊపాడు. ఆమె మెత్తగా నవ్వింది. అతనికి భయమేసింది, ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె కూడా సంపు దాకా వెళ్లింది. బస్తీ వాళ్లంతా వచ్చారు. వాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆ తొట్టిలో నానని మనిషి లేడు. ఐలేశ్ నిచ్చెన మీద కాలు పెట్టి, ఎవరైనా వద్దంటారేమోనని అందరి ముఖాల్లోకీ చూసి, చివరికి అక్క వైపు చూశాడు.

"నిమ్మళంగ దిగు తమ్మీ" అంది పోశవ్వ. "ఆగమాగం గాకు."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే మంచిదన్నారు.