లెక్కలు ఉచితం, భోజనం కలదు

"టీ చల్లారేలోపు పది తెస్తాను సార్," అన్నాడు విశ్వతేజ.

సోమవారం ఉదయం, మొదటి పీరియడ్. తిరువూరు డిగ్రీ కాలేజీలో లెక్కల హెచ్‌ఓడీ వెంకటాద్రి గారు అడిగింది చిన్న పనే. ఫైనలియర్ వాళ్లు ప్రాజెక్టు చెయ్యాలి, ప్రాజెక్టుకి టెక్స్టుబుక్కు దాటి ఏదైనా చదవాలి. డిగ్రీ పిల్లలకి గణిత పరిశోధన ఎక్కడెక్కడ దొరుకుతుందో ఎవరైనా ఒక జాబితా రాసుకొస్తే నోటీసుబోర్డులో పెడదామన్నారు. ఆ కాలేజీ స్టాఫ్‌రూముకి టీ వచ్చేటప్పటికే చల్లారి ఉంటుంది కాబట్టి, విశ్వతేజ మాట నోట్లోంచి ఊడిపడగానే అబద్ధమైపోయింది.

అతను ముందుకొచ్చింది కేవలం విజ్ఞాన సేవ కోసం. రెండో బెంచీలో కూర్చునే సుధామయికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు. మొదటి గంటలో దొరికినవి కోచింగ్ సెంటర్లు, జ్ఞాపకశక్తి మాత్రలు, తనని 'డియర్ పేరెంట్' అని పిలిచే మూడు ఫోన్ నంబర్లు. రెండో రోజుకి దారిలో పడ్డాడు. శాస్త్రవేత్తలు తమ వ్యాసాలని తామే ఉచితంగా పెట్టే ఆర్కైవ్ దొరికింది. దేశంలోని పీహెచ్‌డీ పుస్తకాలన్నీ పోగేసే శోధ్‌గంగ దొరికింది. వీడియో పాఠాలు, డిజిటల్ లైబ్రరీ, వేసవిలో నాలుగు వారాల శిక్షణ శిబిరానికి దరఖాస్తు దొరికాయి. తొమ్మిదోది అన్నిటికన్నా విచిత్రం. డబ్బు కడితేగానీ తెరుచుకోని వ్యాసమైతే, రాసినాయనకే ఈమెయిల్ పెట్టి అడగొచ్చట. సంతోషంగా పంపిస్తారట. పాపం వాళ్లని ఎవరూ అడగరట.

పదోది మాత్రం దొరకలేదు.

బుధవారం సాయంత్రం బస్టాండులో విస్సన్నపేట బస్సు కోసం నిలబడ్డ సుధామయికి ఆ తొమ్మిదీ చూపించాడు. ఆమె శ్రద్ధగా చదివింది.

"అన్నీ ఫోన్లోనే ఉన్నాయి తేజా. మనుషులుండే చోటు ఒక్కటీ లేదా? ఒక లెక్క దగ్గర ఆగిపోతే పక్కనున్నవాళ్లని అడగడానికి?"

"హైదరాబాదులో ఉంటాయి."

"ఆరింటికల్లా ఇంటికొచ్చేలా ఉండాలి," అంది ఆమె. విస్సన్నపేటలో ఎరువుల కొట్టు నడిపే వాళ్ల నాన్న పవనకుమార్ గారు ఎమ్మెస్సీ అనగానే విజయవాడ వద్దన్నారు, గుంటూరు వద్దన్నారు, ఖమ్మం పేరెత్తితే అన్నం మధ్యలో లేచిపోయారు. అదంతా నవ్వుతూనే చెప్పి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో జాబితా పెట్టుకుని, బయటికి చూస్తూ వెళ్లిపోయింది.

బస్సు కనుమరుగయ్యాక కూడా విశ్వతేజ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరువూరు బస్టాండులో గాలి బాగుంటుంది.

అక్కణ్నించి తిన్నగా కాలేజీ ఎదురుగా ఉన్న జమీల్ జిరాక్స్ షాపుకెళ్లి, ఆ తొమ్మిదీ టైపు చేసి వాటి కింద పదోది చేర్చాడు: 'నెమలి గణిత పరిశోధన కేంద్రం, వేణుగోపాలస్వామి గుడి దగ్గర. ప్రతి ఆదివారం. డిగ్రీ విద్యార్థులకు ప్రవేశం ఉచితం. భోజనం కలదు.' ఒక్క కాపీ తీయించాడు. అది సుధామయికిస్తాడు, ఆమె చదివి నవ్వుతుంది, ఆ నవ్వు చూసుకుని కాగితం చింపేస్తాడు. అంతవరకే ప్లాను.

కానీ జమీల్‌కి ఒక పద్ధతుంది. తన షాపులో ప్రింటైన ఏ మెటీరియలైనా పనికొచ్చేలా కనిపిస్తే ఒక మాస్టర్ కాపీ ఉంచుకుని, దాని నకళ్లు ముందు తాడుకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తాడు. మూడేళ్లుగా ఆ తాడుకి వేలాడే నోట్సుతోనే పాసవుతున్న విశ్వతేజకి ఆ సంగతి గుర్తుండాల్సింది. గురువారం పొద్దున్న వచ్చేసరికి జాబితా గాలికి ఊగుతోంది. నలభై కాపీలు అప్పటికే వెళ్లిపోయాయి.

"భాయ్, అది తీసెయ్యి," అన్నాడు.

"ఎందుకు తమ్ముడూ? అందరూ పదో నంబరే అడుగుతున్నారు. ఎట్టా పోవాలని కూడా అడుగుతుంటే నేనే రాసిపెట్టా."

కింద ఎర్ర పెన్నుతో, జమీల్ మామ హుమాయున్ ఆటో ఆదివారం ఎనిమిదింటికి కాలేజీ గేటు దగ్గర బయల్దేరుతుందని ఉంది.

హెచ్‌ఓడీ గారికి నిజం చెప్పేద్దామని స్టాఫ్‌రూముకి పరిగెత్తాడు. ఆయన ముందు అదే జాబితా, పక్కన ఒక లావుపాటి ఫైలు. వచ్చే నెల కాలేజీని తనిఖీ చెయ్యడానికి పెద్దలొస్తున్నారు. ఫైల్లో 'బయటి సంస్థలతో ఒప్పందాలు' అన్న పేజీ ఆరేళ్లుగా ఖాళీ. ఆదివారం తానూ వస్తానని, ఒప్పందపత్రం రాసుకొస్తానని, ఆ డైరెక్టరు గారికి శాలువా కప్పుదామని వెంకటాద్రి గారు చెప్పుకుపోయారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను పీహెచ్‌డీ మధ్యలో వదిలేశానోయ్. ఇరవై రెండేళ్లయింది. అప్పుడు ఇట్లాంటిది ఒకటి ఆటో ఎక్కితే చేరేంత దూరంలో ఉండుంటే..."

విశ్వతేజ గొంతుదాకా వచ్చిన నిజం వెనక్కి దిగి కడుపులో ఒక మూల కూర్చుంది. బయటికి రాగానే వరండాలో సుధామయి ఎదురైంది.

"పొద్దున్న జాబితా చూడగానే ఇంటికి ఫోన్ చేశా. నాన్న సరే అన్నాడు తేజా. నెమలి అయితే మన స్వామి దగ్గరే కదా, నేను కూడా వచ్చి చూస్తా అన్నాడు."

ఆమె మొహం చూశాక నిజం ఆ మూల నుంచి కూడా కదల్లేదు.

శని, ఆదివారాల మధ్య విశ్వతేజ వానకి మొక్కాడు, జ్వరానికి మొక్కాడు, పంక్చరుకి మొక్కాడు. ఏ గతుకు దగ్గరైనా ఆగిపోయే హుమాయున్ ఆటో ఆ రోజు మాత్రం రాకెట్టులా దూసుకుపోయింది. వెనకాల ఇంకో రెండు ఆటోలు. వినగడప నుంచి ఒక రైతు తన కొడుకు మార్కుల జాబితాలన్నీ ఒకటో తరగతి నుంచి తెచ్చాడు. వెంకటాద్రి గారు గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, శాలువా సంచి ఒళ్లో పెట్టుకుని, దారంతా ఎవరితోనూ మాట్లాడకుండా నవ్వుకుంటూ కూర్చున్నారు.

నెమలిలో పరిశోధన కేంద్రం ఎక్కడని అడిగితే పూలమ్ముకునే ముసలామె వాళ్లని ఎగాదిగా చూసి, అన్నదానం అటువైపని చూపించింది. అందరూ బుద్ధిగా వెళ్లి తిన్నారు. జాబితాలో రాసిందాంట్లో ఒక ముక్క నిజమని తేలేసరికి మిగతాదాని మీద కూడా నమ్మకం పెరిగింది. ఆ తర్వాత సత్రం అరుగు మీద కూర్చుని డైరెక్టరు కోసం ఎదురుచూడసాగారు. గంట దాటింది. వెంకటాద్రి గారు శాలువా బయటికి తీసి మడతలు సరిచేసుకున్నారు. అది చూడలేకపోయాడు విశ్వతేజ.

"డైరెక్టరు లేరు సార్. కేంద్రమూ లేదు. పదోది దొరక్క నేనే రాశాను."

వెంకటాద్రి గారు శాలువాని మళ్లీ మడతపెట్టసాగారు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కనే ఉన్న సుధామయి మెల్లిగా అంది:

"నాకు మొదటిరోజే తెలుసు. మ్యాపులో చూశా. గుడి పక్కన కొబ్బరికాయల కొట్టు తప్ప ఏం లేదు."

"మరి చెప్పలేదేం?" అన్నాడు విశ్వతేజ.

"ఎక్కడికైనా సరే అనడం మా నాన్నకి అదే మొదటిసారి."

అంతలో, కొట్టు కట్టేసి ఆలస్యంగా వచ్చి అప్పుడే భోజనం ముగించిన పవనకుమార్ గారు చేతులు కడుక్కుని అరుగు దగ్గరికి వచ్చారు. డైరెక్టరు గారు ఎవరండీ అని చుట్టూ చూశారు. విశ్వతేజ రెండడుగులు వెనక్కి జరిగాడు. సుధామయి మాత్రం హెచ్‌ఓడీ గారి చేతిలోంచి శాలువా తీసుకుని, విప్పి, ఆయన భుజాల మీదే కప్పింది.

"ఈయనే నాన్నా," అంది.

వెంకటాద్రి గారు శాలువా సర్దుకున్నారు. జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్క తీసి, అరుగు బండ మీద ఇరవై రెండేళ్ల క్రితం తను ఆగిపోయిన లెక్క రాశారు. ఎక్కడ ఆగిపోయారో చూపించారు. సుధామయి బండ మీదికి వంగింది. ఎవరో ఇంకో సుద్దముక్క అడిగారు. నాలుగైనా ఎవరూ లేవలేదు.

పవనకుమార్ గారు స్తంభానికి ఆనుకుని అంతా చూశారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆరింటికి ఇల్లు చేరాలన్న సంగతి ఆయనకే గుర్తు రాలేదు. తిరుగు ప్రయాణంలో, ఇట్టాంటి మనుషుల మధ్యకైతే ఎంత దూరం పంపినా భయం లేదన్నారు. మర్నాడే సుధామయి వేసవి శిబిరానికి దరఖాస్తు పెట్టింది. శిబిరం నుంచి ఎమ్మెస్సీకి పుణె వెళ్లింది.

ఆరింటికి ఇంటికి చేరేంత దూరంలో ఆమెని ఉంచడానికి పుట్టిన కేంద్రం చేసిన పని అది.

నెమలి అరుగు మాత్రం ఆగలేదు. ప్రతి ఆదివారం వెంకటాద్రి గారు అదే శాలువాతో వస్తారు. విశ్వతేజ సుద్దముక్కలు మోస్తాడు. ఒక్కోసారి ఏదైనా లెక్కలో సందేహమొస్తే, తొమ్మిదో నంబరు ప్రకారం పుణెకి ఈమెయిల్ పెట్టి అడుగుతాడు. పది నిమిషాల్లో జవాబొస్తుంది. ఆ సందేహాల జవాబులన్నీ అతనికి ముందే తెలిసినవే.

తిరువూరు ఎరిగినవాళ్లు ఎలాగూ పట్టేస్తారు కాబట్టి ఒప్పుకుంటున్నాను: సుధామయికీ దీనికీ సంబంధం లేదని మొదట్లో చెప్పింది అబద్ధం, ఆ బస్టాండులో గాలి కూడా ఏమంత బాగుండదు.